ఇయాన్ ఎందుకు మునగాల్సి వచ్చింది? ‘మై బిగ్ ఫ్యాట్ గ్రీక్ వెడ్డింగ్’ నవ్వుల వెనకున్న నిబంధనలు

పిల్లలు ఆడుకునే గాలి నింపిన ప్లాస్టిక్ తొట్టి. అందులో నిక్కరుతో నిలబడ్డ ఆరడుగుల అమెరికన్. ఎదురుగా ఫాదర్, చుట్టూ అమ్మాయి తరఫు చుట్టాలు. 2002లో వచ్చిన ‘మై బిగ్ ఫ్యాట్ గ్రీక్ వెడ్డింగ్’ కథ మర్చిపోయినవాళ్లకి కూడా ఈ సీను గుర్తుంటుంది. షికాగోలో గ్రీకు హోటల్ నడిపే పోర్టోకాలోస్ వాళ్లమ్మాయి తూలా. ముప్పై దాటినా పెళ్లి కాలేదని ఇంటిల్లిపాదికీ బెంగ. ఆమె ఇయాన్ మిల్లర్ అనే టీచర్ని ప్రేమిస్తుంది. గ్రీకువాడు కాడు కాబట్టి తండ్రి గస్ ససేమిరా అంటాడు. అబ్బాయి గ్రీకు ఆర్థడాక్స్ (గ్రీకులు తరతరాలుగా పాటించే క్రైస్తవ శాఖ) బాప్తిస్మం తీసుకుంటాడు, పెళ్లవుతుంది. కథ అంతే.

నవ్వుకుని వదిలేసినా నష్టం లేదు. కాకపోతే ఇయాన్ మునిగింది ఎవరి కోసం అన్నది ఆలోచించాల్సిన సంగతే. మామగారి పంతం కోసం అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. మిగతా సగం చర్చి నిబంధనల్లో ఉంది. అవి తెలిస్తే ఈ పెళ్లిలో ఎవరు ఏం వదులుకున్నారో, ఎవరు ఏమీ వదులుకోలేదో లెక్క తేలుతుంది.

చర్చి అడిగేది ఏమిటి

అమెరికాలోని గ్రీకు ఆర్థడాక్స్ ఆర్చ్‌డయోసిస్, అంటే అక్కడి గ్రీకు చర్చిలన్నిటినీ నడిపే వ్యవస్థ, నియమం ప్రకారం పెళ్లాడే ఇద్దరిలో ఒకరు ఆర్థడాక్స్ అయి తీరాలి. రెండోవారు ఆర్థడాక్స్ కానక్కర్లేదు గానీ క్రైస్తవులై ఉండాలి. అంటే నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామాన బాప్తిస్మం పొందినవారు. కాథలిక్ అయినా, లూథరన్ అయినా, మెథడిస్ట్ అయినా సరే, ఆ బాప్తిస్మ పత్రం తెచ్చి చూపిస్తే గ్రీకు చర్చిలో పెళ్లి చేస్తారు. మతం మారమని పట్టుబట్టరు.

దీన్నిబట్టి చూస్తే, ఇయాన్‌కి పసితనంలోనే వాళ్ల ఊరి చర్చిలో బాప్తిస్మం జరిగి ఉంటే కాగితం ఒక్కటే సరిపోయేది. పెళ్లితో సంబంధం లేకుండా ఆర్థడాక్స్‌లో చేరాలనుకున్నా, అలాంటివాళ్లని సాధారణంగా మళ్లీ ముంచరు, పరిమళ తైలంతో అభిషేకించి చేర్చుకుంటారు. కనుక తొట్టి సీను నిబంధనలకి సరిపోవాలంటే ఇయాన్ ఇంతకుముందు ఏ బాప్తిస్మమూ లేనివాడై ఉండాలి. సినిమా ఆ వివరం జోలికి పోకుండా నేరుగా నీళ్లలోకి దించేసింది. కామెడీకి అదే మంచిది. తైలాభిషేకానికి హాల్లో ఎవరూ నవ్వరు.

నిజానికి ఇతర క్రైస్తవులతో పెళ్లికి ఒప్పుకోవడం కూడా ఒక సడలింపే. 691–92లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన ట్రుల్లో సభ 72వ నిబంధన ఆర్థడాక్స్ కానివారితో పెళ్లిని పూర్తిగా నిషేధించింది. ఇప్పటికీ ఆ నిబంధన రద్దు కాలేదు. అయితే ఆర్థడాక్స్ సంప్రదాయంలో రెండు దారులున్నాయి. నిబంధనని అక్షరాలా పాటించడాన్ని ‘అక్రీబియా’ అంటారు, మనిషి మేలు కోరి సడలించడాన్ని ‘ఇకొనొమియా’ అంటారు. 2016లో క్రీట్‌లో జరిగిన ఆర్థడాక్స్ మహాసభ ఈ లెక్కనే మళ్లీ రాసింది. ఇతర క్రైస్తవులతో పెళ్లి అక్రీబియా ప్రకారం కూడదు, ఇకొనొమియా ప్రకారం ఒప్పుకోవాలో వద్దో ఆయా దేశాల చర్చిలు తేల్చుకోవచ్చు. క్రైస్తవేతరులతో పెళ్లి దగ్గర మాత్రం తలుపు మూసే ఉంచింది.

అబ్బాయి మారకుండా, అమ్మాయే బయటికొచ్చి రిజిస్టర్ పెళ్లి చేసుకుంటే పోలేదా అంటే, ఆ ఖర్చంతా తూలా మీద పడుతుంది. చర్చి బయట పెళ్లి చేసుకున్న ఆర్థడాక్స్ వ్యక్తికి దివ్యసత్ప్రసాదం, అంటే ఆరాధనలో ఇచ్చే రొట్టె ద్రాక్షారసాలు, ఇవ్వరు. మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో ప్రభు సంస్కారం అనేది ఇదే. ఇంకొకరి పెళ్లికి గానీ, బాప్తిస్మానికి గానీ హామీదారుగా నిలబడే అర్హతా ఉండదు. ఊరందరితో కలిసి పెరిగిన చర్చిలో, పండగనాడు అందరూ వరసలో నిలబడితే తను మాత్రం బెంచీ మీదే కూర్చోవాలి. గస్ అరుపులు ఆ ఇంట్లో అందరికీ అలవాటే. బెంచీ మీద కూర్చోవడం మాత్రం ఏళ్ల తరబడి సాగేది.

ఇయాన్ మారకుండా, క్రైస్తవుడిగానే గ్రీకు చర్చిలో పెళ్లి చేసుకుని ఉంటే? అప్పుడతను చర్చి సభ్యుడు అవడు. దివ్యసత్ప్రసాదం ఉండదు, ఆ చర్చి కమిటీలో చోటుండదు, ఓటుండదు, చనిపోతే ఆర్థడాక్స్ అంత్యక్రియలు కూడా ఉండవు. పిల్లల్ని మాత్రం ఆర్థడాక్స్‌గానే పెంచుతామని ఇద్దరూ మాటివ్వాలి. ఇల్లంతా ఒక వరసలో, ఇంటాయన ఒక్కడూ ఇంకో వరసలో. ఇదంతా తూచి చూస్తే తొట్టిలో దిగడమే సులువనిపిస్తే వింతేం లేదు. ఈ సినిమా రాసి, తూలాగా నటించిన కెనడియన్ గ్రీకు నటి నియా వర్దలోస్ పెళ్లిలోనూ ఇదే జరిగింది. ఆమెని 1993లో పెళ్లాడిన నటుడు ఇయాన్ గోమెజ్ అంతకుముందే గ్రీకు ఆర్థడాక్స్‌లో చేరాడు. సినిమాలో వరుడికి ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. గోమెజ్ కూడా సినిమాలో కనిపిస్తాడు, హీరో స్నేహితుడిగా.

నీళ్లకి ముందూ తర్వాతా

పెద్దవాళ్లకి బాప్తిస్మం అంటే ఒక ఆదివారం వచ్చి మునిగి వెళ్లిపోయేది కాదు. ముందు కొన్ని నెలలు ఫాదర్ దగ్గర పాఠాలుంటాయి. బాప్తిస్మం రోజున తంతు చర్చి గుమ్మం దగ్గర మొదలవుతుంది. దుష్టశక్తుల్ని వెళ్లగొట్టే ప్రార్థనలు చదువుతారు. చేరబోయే వ్యక్తి పడమటికి తిరిగి సైతానుని మూడుసార్లు నిరాకరించి, అటువైపు ఊది ఉమ్మాలి. తర్వాత తూర్పుకి తిరిగి క్రీస్తుని అంగీకరిస్తున్నానని చెప్పి నైసీన్ విశ్వాస ప్రమాణం చదవాలి. సినిమాలో చుట్టాలు మాటిమాటికీ ‘ఫ్తూ ఫ్తూ’ అనడం చూసి అదేదో పల్లెటూరి మూఢనమ్మకం అనుకునేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇది. చర్చి తంతులోనే అధికారికంగా ఒక ఉమ్ము ఉంది.

ఆ తర్వాత ఫాదర్ ఆలివ్ నూనెని ఆశీర్వదిస్తే, బాప్తిస్మానికి హామీగా నిలబడే జ్ఞానపిత దాన్ని ఒళ్లంతా పూస్తాడు. మూడు మునకలు, తండ్రి పేరున ఒకటి, కుమారుడి పేరున ఒకటి, పరిశుద్ధాత్మ పేరున ఒకటి. వెంటనే పరిమళ తైలంతో నుదురు, కళ్లు, ముక్కు, నోరు, చెవులు, ఛాతీ, చేతులు, పాదాల మీద సిలువ గుర్తు వేస్తారు. తల మీద నాలుగు వైపుల నుంచి, సిలువ ఆకారంలో, కాస్త కాస్త జుట్టు కత్తిరిస్తారు. తెల్లబట్టలు కట్టి, తొట్టి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయించి, దివ్యసత్ప్రసాదం ఇస్తారు.

తొట్టి విషయంలో సినిమా చూపించింది అతిశయోక్తే గానీ పూర్తిగా అబద్ధం కాదు. గ్రీకు చర్చిల్లో ఉండే కొలింబిత్ర, అంటే బాప్తిస్మపు గంగాళం, పసిపిల్లల కొలతకి చేసింది. పెద్దవాడు అందులో పట్టడు. దాంతో పెద్దవాళ్ల కోసం ఏదో ఒక పెద్ద తొట్టి వెతుక్కోక తప్పదు.

పెళ్లి తంతు: ఎవరూ ‘నాకిష్టమే’ అనరు

హాలీవుడ్ పెళ్లిళ్లు చూసి అలవాటైనవాళ్లు గ్రీకు పెళ్లిలో ఒక మాట కోసం ఎదురుచూసి చూసి ఊరుకుంటారు. వధూవరులు ఒకరికొకరు ప్రమాణం చేసుకునే ఘట్టం గ్రీకు ఆచారంలో లేదు. పెళ్లి చేసేది దేవుడు, ఆయన తరఫున ఫాదర్. దంపతులు నోరు మెదపకుండా నిలబడతారు. సొంతంగా రాసుకొచ్చిన ప్రమాణాలు చదువుతామంటే ఫాదర్ ఒప్పుకోరు. అమెరికాలో మిశ్రమ జంటలకి మొదట తగిలే దెబ్బ తరచూ ఇదే.

తంతు రెండు భాగాలు. మొదటిది అర్రవోనాస్, ప్రధానం. ఫాదర్ ఉంగరాలతో ఇద్దరి నుదుళ్లూ మూడుసార్లు తాకి, కుడిచేతి వేళ్లకి తొడుగుతాడు. వెనక నిలబడ్డ కుంబారోస్ ఆ ఉంగరాల్ని ఇటుదటు అటుదిటు మూడుసార్లు మారుస్తాడు. కుంబారోస్ అంటే తోడిపెళ్లికొడుకు కాదు. అతను ఆ పెళ్లికి చర్చి తరఫు హామీదారు, రేపు మొదటి బిడ్డకి జ్ఞానపిత అయ్యేదీ చాలాసార్లు అతనే. రెండో భాగం స్తెఫానోమా, కిరీటధారణ. అసలు పెళ్లి ఇదే. దంపతుల చేతికి వెలిగించిన కొవ్వొత్తులిస్తారు, కుడిచేతులు కలుపుతారు. తర్వాత ఒకే తెల్ల రిబ్బన్‌తో ముడిపడి ఉన్న రెండు కిరీటాలు ఇద్దరి తలల మీదా పెడతారు. కుంబారోస్ వెనక నుంచి చేతులు చాపి, ఆ కిరీటాల్ని తల నుంచి తలకి మూడుసార్లు మారుస్తాడు. రిబ్బన్ మెలిపడకుండా, జుట్టు ముడి ఊడకుండా ఇది చేయడం అనుకున్నంత తేలిక కాదు. పొట్టి కుంబారోస్, పొడుగు పెళ్లికొడుకు అయితే మరీను.

బైబిల్లోని ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం చదువుతుండగా గ్రీసులో అందరి కళ్లూ కిందికి, పెళ్లికూతురి పాదాల వైపు తిరుగుతాయి. భార్య భర్తకు భయపడాలన్న చివరి వాక్యం రాగానే ఆమె అతని కాలు తొక్కుతుంది. చర్చిలో నవ్వులు. ఫాదర్ విననట్టే ఉంటాడు. తర్వాత యోహాను సువార్తలోని కానా ఊరి పెళ్లి కథ, ఒకే గిన్నెలోంచి ఇద్దరూ మూడేసి గుక్కలు ద్రాక్షారసం తాగడం, చివరికి బల్ల చుట్టూ మూడు ప్రదక్షిణలు. ఈ ప్రదక్షిణలని ఇసాయా నృత్యం అంటారు. కుంబారోస్ వెనకే కిరీటాలు పట్టుకుని నడుస్తాడు, బంధువులు బియ్యం చల్లుతారు. మొత్తం గంట లోపే అయిపోతుంది. కిరీటాలు మాత్రం పారేయరు. అద్దాల పెట్టెలో పెట్టి ఇంట్లో దాచుకుంటారు.

విందులో ఇచ్చే చక్కెర పూత వేసిన బాదం పప్పులు, కుఫెత, పొట్లానికి ఐదో ఏడో, ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. రెండుగా పంచలేని లెక్క కదా, ఆ జంటనీ విడదీయలేరని.

ప్లాను చెడేది ఎక్కడ

ముందుగా తేదీల దగ్గర. గ్రీకు చర్చి పెళ్లిళ్లు చేయని రోజులు చాలా ఉన్నాయి. ఈస్టర్‌కి ముందు పెద్ద ఉపవాస కాలమంతా, ఆగస్టు 1 నుంచి 15 దాకా, ఆగస్టు 29, సెప్టెంబర్ 14, డిసెంబర్ 13 నుంచి 25 దాకా, జనవరి 5, 6. పైగా ఆర్థడాక్స్ ఈస్టర్ కాథలిక్కుల ఈస్టర్‌తో చాలా ఏళ్లు కలవదు. అబ్బాయి వైపు వాళ్లు తమ క్యాలెండర్ చూసి ‘ఈస్టర్ అయిపోయిందిగా’ అని హాలు బుక్ చేసేస్తే, గ్రీకు చర్చిలో అప్పటికి ఈస్టర్ ముందరి పవిత్ర వారం నడుస్తూ ఉండొచ్చు.

తర్వాత కుంబారోస్. అతను ఆర్థడాక్స్ అయి ఉండాలి, పెళ్లయినవాడైతే తన సొంత పెళ్లీ చర్చిలోనే జరిగి ఉండాలి. వధువు ప్రాణస్నేహితురాలు కాథలిక్ అయితే పక్కన నిలబడొచ్చు గానీ కిరీటాలు మార్చడానికి లేదు. పెళ్లి చర్చి భవనంలోనే జరగాలి. బీచిలో, తోటలో చేయరు. అబ్బాయి తరఫు పాస్టర్ వచ్చి కూర్చోవచ్చు, తంతు మాత్రం కలిసి జరిపించడానికి వీల్లేదు.

ఇవన్నీ దాటాక ప్రభుత్వ కాగితం. అమెరికాలో చర్చి పెళ్లికీ ముందే కౌంటీ లైసెన్సు కావాలి. సినిమా కథ జరిగే షికాగో ఇలినాయ్ రాష్ట్రంలో ఉంది. అక్కడ లైసెన్సు ఇచ్చిన మర్నాటి నుంచి 60 రోజులే చెల్లుతుంది, అదీ ఇచ్చిన కౌంటీలోనే. పక్క కౌంటీలోని చర్చిలో పెళ్లి పెట్టుకుని కుక్ కౌంటీ లైసెన్సు పట్టుకెళ్తే పనికిరాదు.

27 మంది కజిన్లు, అందరూ నిక్‌లే

తూలాకి సొంత కజిన్లే 27 మంది. ఇయాన్ తల్లిదండ్రులకి గస్ వాళ్లని పరిచయం చేస్తుంటే నిక్ లాంటి అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. అది స్క్రిప్టు రాసినావిడ కల్పన కాదు. గ్రీకు ఆచారంలో మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు పెడతారు. తాతకి నలుగురు కొడుకులుంటే నలుగురి ఇళ్లలోనూ ఆ తాత పేరే. తాతల పేర్లు పెట్టుకునే మనకి ఇది కొత్తేం కాదు, కాకపోతే మనం దానికి ఇంకో పేరు తగిలించి తప్పించుకుంటాం.

మనకి ఆశ్చర్యం వేసేది ఇంకోటుంది. బయటి అబ్బాయిని నీళ్లలో ముంచి అయినా చేర్చుకునే చర్చి, దగ్గర చుట్టాలు ఇద్దరూ ఆర్థడాక్స్ అయినా సరే పెళ్లి చేయదు. మేనమామ మేనకోడలు కూడదు, బావామరదళ్లు కూడదు. జ్ఞానపితకి, అతను బాప్తిస్మం ఇప్పించిన అమ్మాయికీ కూడదు. అది రక్తసంబంధంతో సమానమే. మన దగ్గర ఇంట్లోనే సంబంధం కలుపుకోవడం సొంతవాళ్లని నిలబెట్టుకునే దారి. వాళ్లకి ఆ దారి లేదు. అందుకే పరాయి దేశంలో గ్రీకు సంబంధం దొరకాలంటే గ్రీకులందరూ ఒకచోట చేరాలి, ఆ చోటు చర్చి. 1924 చట్టంతో అమెరికా గ్రీకుల వలసని ఏడాదికి వందల్లోకి కుదించాక, 1965లో ఆ కోటాలు ఎత్తేసేదాకా, కొత్త సంబంధాలు అంత తేలిగ్గా దిగలేదు. సాయంత్రం గ్రీకు బడి, ఆదివారం చర్చి, వేసవిలో చర్చి జాతర, ఇవన్నీ భక్తికి ఎంతో పెళ్లి సంబంధాలకీ అంతే. జేబులో 8 డాలర్లతో దిగానని చెప్పుకునే గస్ భయం అక్కడ పుట్టింది.

ఇక ఆ ‘ఫ్తూ’ సంగతి తెలుగు పాఠకులకి వివరించక్కర్లేదు. పొగిడితే దిష్టి తగులుతుందని మూడుసార్లు ఉమ్మినట్టు చేస్తారు. మన ఇళ్లలో ఉప్పూ మిరపకాయలూ తిప్పి పిల్లల చేత థూ థూ అనిపించినట్టే.

నంబర్ వన్ కాకుండానే

ఈ సినిమా ముందు నాటకం. 1990ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో వర్దలోస్ ఒక్కతే అన్ని పాత్రలూ వేసిన ఏకపాత్ర ప్రదర్శన. తల్లి వైపు నుంచి గ్రీకు మూలాలున్న నటి రీటా విల్సన్ అది చూసి భర్త టామ్ హాంక్స్‌కి చెప్పింది. వాళ్ల ప్లేటోన్ సంస్థ నిర్మాణంలోకి దిగింది. జోయెల్ జ్విక్ దర్శకుడు. షూటింగ్ ఎక్కువగా షికాగోలో కాదు, టొరంటోలో. ఖర్చు దాదాపు 50 లక్షల డాలర్లు.

2002 ఏప్రిల్ 19న అమెరికాలో 108 థియేటర్లలో విడుదలైంది. మొదటి వారాంతం వసూలు 6 లక్షల డాలర్లకి కాస్త తక్కువ. పెద్ద సంస్థ సినిమా అయితే అక్కడితో ఎత్తేసేవాళ్లు. దీన్ని ఉంచారు, నెమ్మదిగా థియేటర్లు పెంచుతూ పోయారు. మొదట గ్రీకులే బళ్లు కట్టుకుని వచ్చారు, తర్వాత ‘ఇది మా ఇంటి కథే’ అనుకున్న ఇటాలియన్లు, యూదులు, ఇతరులు. సెప్టెంబర్ మొదట్లో, ఇరవయ్యో వారాంతంలో, రెండో స్థానానికి ఎక్కింది. ఒక్క వారం కూడా మొదటి స్థానంలో లేకుండానే అమెరికా, కెనడాల్లో 24 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపి 36 కోట్లకి పైగా రాబట్టింది. వర్దలోస్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మరుసటి ఏడాది ఇదే కథని టీవీ సీరియల్‌గా తీస్తే ఏడు ఎపిసోడ్లకే ఆగిపోయింది. పెళ్లయిపోయాక ఈ కథలో ముడి ఏదీ మిగల్లేదు మరి. 2016లోనూ 2023లోనూ వచ్చిన కొనసాగింపు సినిమాలకీ అదే చిక్కు.

సినిమా తప్పించుకున్న ప్రశ్న

ఇయాన్‌కి వదులుకోవడానికంటూ ఏమీ ఇవ్వలేదు రచయిత్రి. అతని తల్లిదండ్రులు కేకు పట్టుకుని వచ్చి బిక్కచచ్చి కూర్చునే ఇద్దరు మర్యాదస్తులు. వాళ్లకి వంట లేదు, పాట లేదు, పండగ లేదు, కొడుకు మతం మారితే అభ్యంతరమూ లేదు. ఇయాన్‌కి మాంసం తినడు అన్న ఒక్క పట్టింపు ఇచ్చి దాన్నీ జోకు చేసేశారు. అటు గట్టు బోసిగా ఉంది కాబట్టే వంతెన ఇంత సులువుగా పడింది. వరుడు యూదు అయినా, ముస్లిం అయినా, హిందువైనా ఇదే స్క్రిప్టు రెండో గంటలో ఆగిపోయేది.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలకి ఇది ఊహ కాదు. తెలుగు హిందూ అబ్బాయి, గ్రీకు ఆర్థడాక్స్ అమ్మాయి అనుకుందాం. బాప్తిస్మం లేదు కాబట్టి చర్చిలో పెళ్లి కుదరదు. ఉదయం జీలకర్ర బెల్లం, సాయంత్రం కిరీటాలు అన్న ప్లాను హాలు వాళ్లకి నచ్చుతుంది గానీ ఫాదర్‌కి నచ్చదు. పెళ్లి కోసం బాప్తిస్మం తీసుకున్నా, పడమటికి తిరిగి పాతవన్నీ నిరాకరించాక మళ్లీ పెళ్లి మంటపంలో హోమం ముందు కూర్చోవడం ఆ మాట తప్పడమే అవుతుంది. మారడం ఇష్టం లేకపోతే మిగిలేది రిజిస్టర్ పెళ్లి. గ్రీసులో 1982 నుంచి ఆ వీలుంది. మన దేశంలో అయితే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగాలి, పెళ్లి రోజున ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. అలా చేసుకుంటే దివ్యసత్ప్రసాదం కోల్పోయేది అమ్మాయి. తర్వాతెప్పుడైనా అబ్బాయి తన ఇష్టంతో బాప్తిస్మం తీసుకుంటే చర్చిలో కిరీటాల తంతు జరిపించుకోవచ్చు, ఆమె మళ్లీ వరసలో నిలబడొచ్చు.

ఏది చేసినా, హాలుకి అడ్వాన్సు కట్టకముందే అమ్మాయి వాళ్ల ఫాదర్‌ని కలవాలి. సడలింపులు ఏవి దొరుకుతాయో, ఏవి ఎంతడిగినా దొరకవో అక్కడే తెలుస్తుంది.